విశాఖ మీద బాంబులు పడిన రోజు బ్రిటిష్ అడ్మిరల్ ఎక్కడున్నాడు?

సీతమ్మధార_వాసు
మా తాతయ్య బతికున్నన్నాళ్లూ చెప్పిన కథ ఇది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖ హార్బర్ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా పడ్డాయి. చనిపోయినవాళ్లు కొద్దిమందే కానీ ఊరు మాత్రం దాదాపు ఖాళీ అయిపోయింది. మావాళ్లు ఎడ్లబండి కట్టుకుని చోడవరం దగ్గర చుట్టాలింటికి పోయి రెండు నెలలు అక్కడే ఉన్నారు. బండిలో ఇత్తడి బిందెలు పట్టలేదని మా నాయనమ్మ వాటిని బావిలో దింపేసి వచ్చిందట.

ఇంతకీ నా బాధేమిటంటే, సముద్రాలన్నీ మావే అని అన్నేళ్లు చెప్పుకున్న బ్రిటిష్ వాళ్ల నౌక ఒక్కటి కూడా ఆ రోజు అడ్డం రాలేదు. నిన్న రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, అప్పుడు వాళ్ల తూర్పు నౌకాదళం అధిపతి సర్ జేమ్స్ సోమర్‌విల్ అనే ఆయన. ఓడలన్నీ మాల్దీవుల దగ్గర దాచుకున్నాడట. ఆ తర్వాత ఆయన్నే నేవీలో అన్నిటికంటే పై హోదా అయిన అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ చేశారు! సూటిగా అడుగుతున్నా, ఈయన పిరికివాడా, చేతకానివాడా?

టీ_బ్రేక్
పై రెండూ, పై రెండూ కావు అనే ఆప్షన్లు ఇవ్వలేదు. పేపర్ సరిగా సెట్ చేయండి మాస్టారూ.

పాత_రేడియో
వాసు గారూ, ముందు మనిషి ఎవరో చూసి తర్వాత తిట్టండి. నేను నేవీలో కమ్యూనికేషన్స్‌లో పదిహేనేళ్లు చేశాను. సోమర్‌విల్ అంటే నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నా. ఎందుకంటే ఆయనా మా బాపతే. ఫిరంగుల మనిషి కాదు, వైర్‌లెస్ మనిషి.

1882లో పుట్టాడు. 1897లో, పదిహేనేళ్లు నిండకుండానే నేవీలో చేరాడు. ఆ రోజుల్లో పైకి రావాలంటే గన్నరీలో ఉండాలి. వైర్‌లెస్ అప్పుడే పుట్టిన విద్య, దాన్ని తెచ్చి టార్పెడో బ్రాంచ్‌కి అంటగట్టారు. ఈయన అందులోకి దిగాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గల్లిపోలి దగ్గర ఒడ్డు మీది సైన్యానికీ సముద్రంలోని ఓడలకూ మధ్య కబురు నడపడమే పెద్ద తలనొప్పి. అక్కడ చేసిన వైర్‌లెస్ పనికి 1916లో యుద్ధంలో గొప్ప సేవకిచ్చే పతకం డీఎస్‌ఓ ఇచ్చారు. కబురు ఆలస్యమైతే ఏమవుతుందో ఆ వయసులోనే చూసినవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1938లో ఈస్ట్ ఇండీస్ స్టేషన్‌కి కమాండర్ ఇన్ చీఫ్‌గా వచ్చాడు. అంటే హిందూ మహాసముద్రం ఆయనకి కొత్త కాదు. 1939లో టీబీ అనుమానం అని నేవీ డాక్టర్లు ఇంటికి పంపేశారు. బయటి స్పెషలిస్టులు ఏమీ లేదన్నారు. నేవీ వినలేదు. రిటైర్డ్ లిస్టులో పడేసింది.

గోదారి_గట్టు
మెడికల్ బోర్డు అంటే ఎక్కడైనా ఒకటే అన్నమాట. మా మామయ్యకి కూడా ఇదే జరిగింది. చెవి వినపడదని రిటైర్ చేశారు. ఇప్పటికీ పక్క గదిలో మేం గుసగుసలాడుకున్నవి ఆయనకి తెలిసిపోతాయి.

పాత_రేడియో
హహ. అసలు విషయం వినండి. యుద్ధం మొదలవగానే ఈ రిటైర్డ్ మనిషిని మళ్లీ పిలిచారు. మొదట రాడార్ పనుల మీద వేశారు. ఓడల్లో రాడార్ పెట్టించడంలో ఆయన తోపుడు చాలా ఉంది. 1940 మే నెలాఖరులో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి సైన్యాన్ని తెస్తున్నప్పుడు డోవర్‌లో అడ్మిరల్ రామ్సేకి నిద్ర లేదు. సోమర్‌విల్ తనంతట తాను వెళ్లి, ‘నువ్వు కాసేపు పడుకో, నేను చూస్తా’ అన్నట్టుగా రాత్రిళ్లు డ్యూటీ పంచుకున్నాడు. నెల తిరక్కుండా జిబ్రాల్టర్‌లో కొత్తగా పెట్టిన ఫోర్స్ హెచ్ అనే దళం అప్పగించారు. రికార్డుల్లో మాత్రం ఇంకా రిటైర్డే.

టీ_బ్రేక్
అంటే రిటైరయ్యాక కాంట్రాక్ట్ బేసిస్. మన సెక్రటేరియట్ పద్ధతే.

లెక్కల_మాస్టారు
కాంట్రాక్ట్ ఉద్యోగికి హుడ్ అనే యుద్ధనౌక, ఆర్క్ రాయల్ అనే విమానవాహక నౌక ఇచ్చారా! నాకు రిటైరయ్యాక ఇన్విజిలేషన్ డ్యూటీ కూడా ఇవ్వలేదు.

చరిత్రపిచ్చి
ఫోర్స్ హెచ్ ఇచ్చారు సరే, దానితో చేయించిన మొదటి పని కూడా చెప్పండి పాత_రేడియో గారూ. 1940 జులై 3, అల్జీరియాలోని మెర్స్ ఎల్ కెబీర్. అంతకుముందు నెలలో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. ఫ్రెంచ్ నౌకలు హిట్లర్ చేతిలో పడతాయని చర్చిల్ భయం. సోమర్‌విల్‌ని పంపి ఫ్రెంచ్ అడ్మిరల్ జాన్సూల్‌కి గడువు పెట్టించారు: మాతో కలవండి, లేదా తక్కువ సిబ్బందితో మా రేవుకి రండి, లేదా కరీబియన్‌కి పొండి, లేదా మీ ఓడలు మీరే ముంచుకోండి. ఏదీ కాకపోతే కాల్పులే. రోజంతా మాటలు నడిచాయి. సాయంత్రం ఆరవుతుండగా కాల్పులు మొదలయ్యాయి. పట్టుమని పది నిమిషాలు. బ్రెతాన్య్ అనే యుద్ధనౌక పేలిపోయింది. మొత్తం 1,297 మంది ఫ్రెంచ్ నావికులు పోయారు. రెండు వారాల కిందటి దాకా మిత్రులు! వాసు గారూ, మీ లిస్టులో పిరికి, చేతకాని అని రెండే ఉన్నాయి. మూడోది క్రూరుడు. చేర్చుకోండి.

పాత_రేడియో
ఇది అన్యాయం. కాల్పులు వద్దని ముందే లండన్‌కి రాసింది ఆయనే. జిబ్రాల్టర్‌లో ఉన్న మిగతా అధికారులూ అదే మాట అన్నారు. లండన్‌లోని నౌకాదళ పెద్దల కార్యాలయం, అడ్మిరాల్టీ, కుదరదంది. మాట్లాడడానికి పంపింది కెప్టెన్ హాలండ్‌ని, పారిస్‌లో పనిచేసి వచ్చినవాడు, ఫ్రెంచ్ బాగా తెలుసు. కానీ అడ్మిరల్ దగ్గరికి కెప్టెన్‌ని పంపుతారా అని జాన్సూల్‌కి రోషం. మొదట కలవనన్నాడు. అలా గంటలు గడిచాయి. సోమర్‌విల్ గడువు పొడిగిస్తూ పోయాడు. చివరికి ఫ్రెంచ్ సాయం వచ్చేలోపు త్వరగా ముగించమని లండన్ నుంచి కబురు. ఆ తర్వాత భార్యకి రాసిన ఉత్తరంలో, ఈ కాలంలో ఇంతకంటే పెద్ద రాజకీయ తప్పిదం లేదని, అందరం సిగ్గుతో ఉన్నామని రాసుకున్నాడు.

చరిత్రపిచ్చి
సిగ్గుపడుతూ కాల్చాడు. చచ్చినవాళ్లకి తేడా ఏముంది? అంత తప్పనిపిస్తే నావల్ల కాదని పక్కకి తప్పుకోవచ్చు. ఎలాగూ రిటైర్డే కదా, పోయేదేముంది?

కూకట్‌పల్లి_కోడర్
ఇక్కడ నా గోడు చెప్పాలి. పోయినేడాది మా ఆఫీసులో నా టీంలో ఆరుగురిని తీసేయాలని పైనుంచి లిస్టు వచ్చింది. వద్దని రెండు మెయిల్స్ పెట్టా. ‘నిర్ణయం అయిపోయింది, నువ్వు చెప్పకపోతే ఇంకొకరు చెప్తారు’ అన్నారు. నేనే ఒక్కొక్కరిని పిలిచి చెప్పా. ఆ వారం అన్నం సయించలేదు. నేను తప్పుకున్నా ఆ ఆరుగురికీ ఉద్యోగాలు మిగిలేవి కావు, ఏడోది నాది పోయేది. సోమర్‌విల్ పరిస్థితి నాకు అర్థమైంది.

చరిత్రపిచ్చి
కోడర్ గారూ, మీ బాధ నిజమే, కాదనను. కానీ ఆ ఆరుగురికి మళ్లీ ఉద్యోగాలు దొరికుంటాయి. ఆ 1,297 మందికి?

కూకట్‌పల్లి_కోడర్
ఐదుగురికి దొరికాయి. ఒకడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

గోదారి_గట్టు
మనం వైజాగ్ నుంచి ఆఫ్రికాకి, ఆఫ్రికా నుంచి కూకట్‌పల్లికి వచ్చాం. ఎవరైనా స్టీరింగ్ పట్టుకోండి.

ఇటలీ_ఇంజినీర్
నేను ఇంకొంచెం పక్కకి తిప్పుతా, క్షమించండి. నాలుగేళ్లుగా జెనోవాలో ఉంటున్నా. ఇక్కడ సాన్ లొరెంజో కెథెడ్రల్‌లో ఒక మూల నిలువుగా పెద్ద ఫిరంగి గుండు పెట్టి ఉంటుంది. మా ఆవిడ మొదటిసారి చూసి గ్యాస్ సిలిండర్ అనుకుంది. అది 1941 ఫిబ్రవరి 9న ఈ సోమర్‌విల్ దళం ఊరి మీద కాల్చిన గుండు. కప్పు చీల్చుకుని లోపల పడింది కానీ పేలలేదు. దేవుడి దయ అని ఇక్కడివాళ్లు దాచుకున్నారు. ఫోర్స్ హెచ్ జిబ్రాల్టర్ నుంచి బయల్దేరి, ఇటలీ నౌకాదళం కళ్లు కప్పి ఇంత దూరం వచ్చి, పొద్దున్నే రేవుని కొట్టి, ఒక్క ఓడ కూడా పోగొట్టుకోకుండా వెనక్కి వెళ్లిపోయింది. పిరికివాడు చేసే పని కాదు కదా.

సీతమ్మధార_వాసు
భలే. మా విశాఖ మ్యూజియంలో కూడా జపాన్ వాళ్ల పేలని బాంబు ఒకటి ఉంది. ఒకవైపు ఆయన వేసింది పేలలేదు, ఇంకోవైపు ఆయన ఆపలేకపోయింది పేలలేదు.

పాత_రేడియో
జెనోవా దాడికి రెండు నెలల ముందు సంగతి కూడా చెప్పాలి. 1940 నవంబర్‌లో సార్డీనియా దగ్గర స్పార్టివెంటో అనే చోట ఇటలీ నౌకాదళంతో తలపడ్డాడు. వాళ్లు వెనక్కి తిరిగితే కొంతదూరం తరిమి, తను కాపలా కాస్తున్న సరుకు ఓడల కోసం మళ్లీ వెనక్కి వచ్చేశాడు. ‘ఎందుకు వెంటాడలేదు?’ అని లండన్ ఏకంగా విచారణ సంఘం వేసింది. ఆయన ఇంకా రేవుకి చేరకముందే! సంఘం తప్పేమీ లేదని తేల్చింది. నేవీలో చాలామందికి ఆ విచారణ మీదే కోపం వచ్చింది. వాసు గారూ, మీరడిగిన ప్రశ్న చర్చిల్ మీకంటే ముందే అడిగాడు. సోమర్‌విల్ జవాబు ఒకటే: నాకు అప్పగించిన పని ఓడల్ని గమ్యం చేర్చడం.

టీ_బ్రేక్
బిస్మార్క్ ఎవరూ చెప్పట్లేదేంటి? నాకు తెలిసిన ఒకే ఒక్క ఓడ అది.

పాత_రేడియో
1941 మే. హుడ్‌ని ముంచేసి జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ ఫ్రాన్స్ వైపు పోతోంది. వెనక తరిమేవాళ్లకి అందేలా లేదు. సోమర్‌విల్ జిబ్రాల్టర్ నుంచి ఆర్క్ రాయల్‌తో పైకి వచ్చాడు. మే 26 మధ్యాహ్నం స్వోర్డ్‌ఫిష్ విమానాలు లేచాయి. గుడ్డ రెక్కల పాతకాలం విమానాలు. సోమర్‌విల్ అంతకుముందే షెఫీల్డ్ అనే తన క్రూయిజర్‌ని బిస్మార్క్‌ని కనిపెట్టుకుని ఉండమని ముందుకి పంపాడు. ఆ కబురు ఆర్క్ రాయల్‌కి కోడ్‌లో వచ్చింది, విప్పేసరికి విమానాలు వెళ్లిపోయాయి. మబ్బుల్లోంచి దిగిన పైలట్లు షెఫీల్డే బిస్మార్క్ అనుకుని టార్పెడోలు వదిలారు!

టీ_బ్రేక్
సొంత ఓడ మీదా?!

పాత_రేడియో
సొంత ఓడ మీదే. నేను మొదట్లో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. వైర్‌లెస్‌లో పుట్టి పెరిగిన మనిషి దళంలోనే కబురు ఆలస్యమైంది. అదృష్టం ఏమిటంటే అవి కొత్తరకం మాగ్నెటిక్ టార్పెడోలు, కొన్ని నీళ్లు తగలగానే పేలిపోయాయి. మిగతావాటిని షెఫీల్డ్ తప్పించుకుంది. దాంతో వీటిని నమ్మలేమని తేలి, సాయంత్రం పాతరకం, తగిలితేనే పేలేవి పెట్టుకుని పదిహేను విమానాలు మళ్లీ వెళ్లాయి. ఒకటి బిస్మార్క్ చుక్కాని దగ్గర తగిలింది. ఓడ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మర్నాడు మునిగింది. మధ్యాహ్నం పొరపాటు జరగకపోతే సాయంత్రం ఆ పాత టార్పెడోలు పెట్టుకుని వెళ్లేవాళ్లు కాదేమో.

లెక్కల_మాస్టారు
ఎగ్జామ్‌లో ఒక తప్పు చేసి దాన్ని కొట్టేయబోయి రెండో తప్పు చేస్తే ఆన్సర్ కరెక్ట్ రావడం అంటే ఇదే. నేనైతే స్టెప్స్‌కి మార్కులు వేసేవాణ్ని కాదు.

గోదారి_గట్టు
ఈయన నోటిదురుసు మనిషని ఎక్కడో చదివా, నిజమా?

పాత_రేడియో
నోటి నిండా మోటు జోకులే. నావికులకి అందుకే ఇష్టం. అప్పటికే సర్ బిరుదు ఉన్న మనిషికి 1941లో ఇంకో నైట్ బిరుదు ఇచ్చారు. పాత స్నేహితుడు అడ్మిరల్ కన్నింగ్‌హామ్ మధ్యధరా అటు చివర అలెగ్జాండ్రియా నుంచి అభినందనలు పంపుతూ, ఈ వయసులో రెండు నైట్‌లా అన్నట్టు సిగ్నల్ కొట్టాడు. అప్పటికి ఈయనకి యాభై తొమ్మిది. ఇంగ్లిష్‌లో నైట్ అంటే బిరుదూ, రాత్రీ. అంతకంటే వివరించను, ఇక్కడ ఆడవాళ్లూ ఉన్నారు.

శ్రీకాకుళం_సుజాత
ఉన్నాం. అర్థమైంది. ముందుకి పోనివ్వండి. వాసు అడిగింది 1942 గురించి, మీరు ఇంకా 1941లోనే తిరుగుతున్నారు, బిస్మార్క్‌లాగే.

టీ_బ్రేక్
😂😂

పాత_రేడియో
తప్పైంది సుజాత గారూ, వస్తున్నా. 1941 డిసెంబర్ 10న మలయా దగ్గర ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద యుద్ధనౌకల్ని జపాన్ విమానాలు గంటల్లో ముంచేశాయి. ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది. మార్చిలో రంగూన్. ఆ మార్చిలోనే సోమర్‌విల్ కొలంబోకి వచ్చాడు. కాగితం మీద ఐదు యుద్ధనౌకలు, మూడు విమానవాహక నౌకలు. ఘనంగా ఉంది కదా? ఐదింట్లో నాలుగు ఆర్ క్లాస్ నౌకలు, మొదటి యుద్ధం నాటివి. నడక నెమ్మది. వేసవిలో తాగడానికి మంచినీళ్లు కూడా చాలక రేవుకి పరిగెత్తే రకం. పాత ఫిడేలు మీద కూడా మంచి పాటలు పలుకుతాయిలే అన్నట్టు తన దళానికి సిగ్నల్ ఇచ్చాడు.

విజినగరం_వీణ
ఫిడేలు మాట మా ఊరి పక్కన ఎత్తుతున్నారు, జాగ్రత్త. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరండీ మాది. పలికేది ఫిడేలు కాదు, వేళ్లు.

లెక్కల_మాస్టారు
ఇక లెక్క నేను వేస్తా. జపాన్ అడ్మిరల్ నగుమో దగ్గర ఐదు పెద్ద విమానవాహక నౌకలు: అకాగి, సోర్యూ, హిర్యూ, షొకాకు, జుయికాకు. వాటి మీద మూడు వందల దాకా విమానాలు, పెర్ల్ హార్బర్‌లో చెయ్యి తిరిగిన పైలట్లు. సోమర్‌విల్ పెద్ద విమానవాహక నౌకలు రెండింటి మీద కలిపి వందకి లోపే. పగలు ఎదురుపడితే ఫలితం రాసేసినట్టే. ఆయన ప్లాన్ ఏమిటంటే, పగలు దూరంగా ఉండి, రాత్రి రాడార్ ఉన్న విమానాలతో టార్పెడో దాడి. రాత్రి విమానాలు నడపడం జపాన్ వాళ్లకంటే వీళ్లకి బాగా వచ్చు. అంటే చీకటిలో తప్ప గెలుపు లేదు.

సీతమ్మధార_వాసు
మరి అడ్డు మాటేంటి? మాల్దీవుల్లో దాక్కున్నాడు కదా?

మాలే_మనోహర్
ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. నేను మాల్దీవుల్లో ఒక రిసార్ట్‌లో అకౌంట్స్ చూస్తా, పోయినేడాది అడ్డు అటోల్ వెళ్లొచ్చా. పేరే అడ్డు. అందులో ఒక దీవి పేరు గన్. నీళ్ల చుట్టూ పగడపు దిబ్బలు ముళ్లకంచెలాగా ఉంటాయి. బ్రిటిష్ వాళ్లు రహస్యంగా పోర్ట్ టి అని పిలిచిన స్థావరం అదే. జపాన్ వాళ్లకి అలాంటిది ఉందనే తెలియదు. ఇప్పుడు హోటళ్లు, సైకిల్ అద్దెలు, పాత రన్‌వే. కానీ అప్పుడు ఎండ, దోమలు తప్ప ఏమీ లేవట. మీరనుకుంటున్న మాల్దీవుల హనీమూన్ ప్యాకేజీ కాదు.

పాత_రేడియో
సరిగ్గా చెప్పారు. ఏప్రిల్ 1న దాడి వస్తుందని ఆయనకి సమాచారం ఉంది. మార్చి 31 నుంచి మూడు రోజులు సిలోన్‌కి (ఇప్పటి శ్రీలంక) దక్షిణాన కాపు కాశాడు. జపాన్ వాళ్లు రాలేదు. ఆర్ క్లాస్‌కి నీళ్లు అయిపోయాయి. ఇక రారనుకుని ఆరు వందల మైళ్ల దూరంలోని అడ్డుకి వెళ్లాడు. ఆయన అక్కడికి చేరిన రోజే, ఏప్రిల్ 4 సాయంత్రం, కెనడా పైలట్ బిర్చాల్ నడుపుతున్న కటాలినా విమానానికి నగుమో దళం కనిపించింది. కబురు పంపుతుండగానే దాన్ని కూల్చేశారు. కానీ కబురు అందింది. మర్నాడు ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి. రేవులో చాలా ఓడలు అప్పటికే బయటికి వెళ్లిపోయాయి కాబట్టి నష్టం తగ్గింది.

చరిత్రపిచ్చి
నష్టం తగ్గిందా? డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లని దళం నుంచి విడదీసి కొలంబో పంపింది ఎవరు? మీ అడ్మిరలే. బిస్మార్క్‌కి ఆఖరి టార్పెడోలు కొట్టిన డోర్సెట్‌షైర్ అది. ఆదివారం మధ్యాహ్నం వెనక్కి వస్తుంటే దొరికిపోయాయి. నిమిషాల్లో రెండూ మునిగాయి, 424 మంది పోయారు. మిగిలిన 1,122 మంది మర్నాటి దాకా సొరచేపల మధ్య నీళ్లలోనే. హెర్మెస్ అనే చిన్న విమానవాహక నౌకని సిలోన్‌లోనే ఉన్న ట్రింకోమలీ రేవుకి పంపిందీ ఆయనే. ఏప్రిల్ 9న అదీ పోయింది, దాని మీద ఎగరడానికి సొంత విమానం ఒక్కటి కూడా లేని స్థితిలో. ఇవన్నీ పిరికితనం కాదు, ఒప్పుకుంటా. తప్పుడు అంచనా. ‘ఇక రారు’ అనుకోవడమే ఆ అంచనా.

పాత_రేడియో
దీనికి నా దగ్గర వాదన లేదు. దళాన్ని చీల్చింది ఆయనే. నీళ్లలో ఉన్నవాళ్ల కోసం మర్నాడు ఓడలు పంపాడు గానీ, ఆ ఆదివారం రాత్రి వాళ్లని వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఒక్క మాట మాత్రం: అదే ఆదివారం సాయంత్రం ఆయన జపాన్ వాళ్ల వైపే వెళ్తున్నాడు, పారిపోవట్లేదు. రెండు దళాల మధ్య దూరం రెండు వందల మైళ్లలోపుకి వచ్చింది. వెతికే విమానాలకి జపాన్ ఓడలు కనిపించాయి కూడా. చీకటి పడ్డాక జాడ తప్పింది. నగుమోకి ఆ జాడే తెలియలేదు.

కోరంగి_రేవు
మా కాకినాడ సంగతి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే ఎత్తుతా. మన తీరం మీద బాంబులు వేసింది నగుమో కాదు. ఒజావా అనే ఇంకో అడ్మిరల్, ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, కొన్ని క్రూయిజర్లు. ఆయన పని బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని ముంచడం. ఏప్రిల్ 6 ఒక్కరోజే ఇరవై దాకా ముంచాడు. ఆ వారంలో మునిగిన సరుకు ఓడలు మొత్తం 23, లక్షా పన్నెండు వేల టన్నులని లెక్క. కలకత్తా, మద్రాసు మధ్య ఓడల రాకపోకలు ఆగిపోయాయి. మా ఊరి నుంచి రంగూన్‌కి తరాలుగా కూలికి పోయినవాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు, మా కోరంగి పేరు మీదే. ఆ రంగూన్ నెల కిందటే పడిపోయింది, మా ముత్తాత అన్నదమ్ములు అడవుల్లో నడిచి అస్సాం చేరారు, ఇద్దరు చేరలేదు. ఇక్కడికి వచ్చినవాళ్లకి ఇక్కడా బాంబులు.

అందుకే నా కోపం సోమర్‌విల్ ధైర్యం మీద కాదు. ఆయనకి అప్పగించిన పనిలో మేం లేం. ఆయన కాపాడాల్సింది పడమటి వైపు దారి: ఆఫ్రికా దక్షిణ కొస కేప్ చుట్టూ వచ్చి ఈజిప్టుకి పోయే సైన్యాలు, ఇరాన్‌లోని అబాదాన్ నుంచి వచ్చే నూనె. దళం మిగిలి ఉంటే ఆ దారి మిగులుతుంది. బంగాళాఖాతం పోతే పోయింది. దాడి అయ్యాక ఆర్ క్లాస్ ఓడల్ని తూర్పు ఆఫ్రికాకి, మిగతావాటిని బొంబాయికి పంపేశాడు. తూర్పు తీరానికి ఎవరూ రాలేదు.

శ్రీకాకుళం_సుజాత
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఇదే మంచి పోస్ట్.

సీతమ్మధార_వాసు
కోరంగి_రేవు గారూ, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీరు చెప్పారు. పిరికివాడనే మాట వెనక్కి తీసుకుంటా. ఇప్పుడు ఇంకా కోపంగా ఉంది, అది వేరే సంగతి.

టీ_బ్రేక్
మరి ఆ ఏప్రిల్‌లో ఆయన మీద చర్య ఏమైనా తీసుకున్నారా?

పాత_రేడియో
తీసుకున్నారు. ఆ నెలలోనే ఫుల్ అడ్మిరల్‌గా ప్రమోషన్ ఇచ్చారు. అదీ రిటైర్డ్ లిస్టులోనే.

టీ_బ్రేక్
సెక్రటేరియట్ పద్ధతే అన్నానా లేదా.

లెక్కల_మాస్టారు
ఒక లెక్క మిగిలింది. ఆ ఏప్రిల్‌లో పగటిపూట ఎదురెళ్లి ఓడిపోయుంటే బ్రిటిష్ వాళ్లకి హిందూ మహాసముద్రంలో ఏమీ మిగిలేది కాదు. ఎదురెళ్లలేదు కాబట్టి నగుమో వెనక్కి పోయాడు. రెండు నెలల తర్వాత పసిఫిక్‌లోని మిడ్‌వే దగ్గర ఆ ఐదింట్లో మూడు, అకాగి, సోర్యూ, హిర్యూ, అమెరికా వాళ్ల చేతిలో మునిగాయి. ర్యూజో ఆగస్టులో పోయింది. ఓపిక పట్టినవాడికి పని ఇంకొకరు చేసిపెట్టారు.

చరిత్రపిచ్చి
మాస్టారూ, మిడ్‌వే జరుగుతుందని ఏప్రిల్‌లో ఆయనకి తెలియదు. ఆన్సర్ చూసి స్టెప్స్ రాస్తున్నారు.

లెక్కల_మాస్టారు
దొరికిపోయా.

ఇటలీ_ఇంజినీర్
తర్వాత ఏమయ్యాడు?

పాత_రేడియో
రెండేళ్లు దళాన్ని పోగు చేసుకోవడమే సరిపోయింది. మధ్యలో ఉన్న ఓడల్ని కూడా వేరే యుద్ధాలకి లాక్కుపోయారు. 1943లో మౌంట్‌బాటెన్ ఆగ్నేయాసియా సుప్రీం కమాండర్‌గా వచ్చాడు, ఈయనకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. దళం నీ కింద కాదు, అడ్మిరాల్టీ కింద అని సోమర్‌విల్ భీష్మించాడు. ఇద్దరికీ పడలేదు. 1944 ఏప్రిల్ 19న సుమత్రా కొసన ఉన్న సబాంగ్ మీద మొదటిసారి ఎదురుదాడి చేశాడు. చరిత్రపిచ్చి గారూ, ఆ దాడిలో ఆయన కింద ఎవరి ఓడలున్నాయో తెలుసా? అమెరికా సరటోగా, డచ్, న్యూజిలాండ్ ఓడలు. వాటితోపాటు ఫ్రెంచ్ యుద్ధనౌక రిషెల్యూ.

చరిత్రపిచ్చి
ఫ్రెంచ్ ఓడా? మెర్స్ ఎల్ కెబీర్ మనిషి కిందా?

పాత_రేడియో
ఆయన కిందే. జులై 25న మళ్లీ సబాంగ్ మీద ఫిరంగులు పేల్చినప్పుడు కూడా రిషెల్యూ ఆ వరుసలోనే ఉంది. నాలుగేళ్ల ముందు ఫ్రెంచ్ వాళ్ల మీద పేల్చిన మనిషి, ఫ్రెంచ్ ఓడని పక్కన పెట్టుకుని పేల్చాడు. ఆగస్టులో దళం అప్పగించి వాషింగ్టన్‌లో బ్రిటిష్ నౌకాదళ ప్రతినిధిగా వెళ్లాడు. అక్కడ అడ్మిరల్ కింగ్ అని, బ్రిటిష్ వాళ్లంటే గిట్టని మనిషి. ఆయనతో కూడా ఈయన మోటు జోకులు పనిచేశాయి. 1945 మేలో అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్. 1949లో సోమర్‌సెట్‌లో సొంతింట్లో పోయాడు. టీబీ మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గోదారి_గట్టు
మా మామయ్య చెవి లాగా.

కోరంగి_రేవు
వాసు గారూ, ఇంతకీ మీ నాయనమ్మ బావిలో దింపిన బిందెలు దొరికాయా?

సీతమ్మధార_వాసు
రెండు దొరికాయి. మూడోది పక్కింటివాళ్లు ముందే తిరిగొచ్చి తోడుకున్నారని నాయనమ్మ చచ్చేదాకా అనుమానం. ఆ ఇంటివాళ్లతో మాకు ఇప్పటికీ మాటల్లేవు.